తుఫానులో మాత్రమే పడే చేప

బీఈడీ అయిపోయి, టీచరు పోస్టుకి పరీక్ష రాసి ఇంట్లో కూర్చున్న రోజులవి. ఫలితాలు ఏదో కేసు వల్ల ఆగిపోయాయి. మాది చీపురుపల్లికి దగ్గర్లో ఒక పల్లె. పొద్దున్న లేవగానే వెబ్‌సైటు చూసేదాన్ని. అన్నం తిని మళ్ళీ చూసేదాన్ని. చోడి చేలో ఉన్న నాన్నకి మజ్జిగ పట్టుకెళ్తూ గట్టు మీద ఆగి కూడా చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. ఒకచోట కుదురుగా కూర్చోవడమే నాకు చేతకాకుండా పోయింది.

"రావలిసినప్పుడు అదే వస్తాది. ఫోను నులిమితే బేగి వస్తాదేటి?" అనేది అమ్మ.

తమ్ముడు నా ఫోనులో పెట్టి, కాలేజీ హాస్టలుకి వెళ్ళాక మరిచిపోయిన ఆట ఒకటి ఉంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఒకే లోకంలో కలిసి తిరిగే ఆట. ప్రతివాళ్ళకీ ఒక బొమ్మ ఉంటుంది. అది అడవులు తిరుగుతుంది, రాక్షసుల్ని కొడుతుంది, వంట చేస్తుంది, చేపలు పడుతుంది. తమ్ముడు చేసిపెట్టిన బొమ్మ ఒక గడ్డపు యోధుడు. నేను దాన్ని మార్చకుండానే ఆడడం మొదలుపెట్టాను.

నన్ను పట్టుకున్నది యుద్ధాలు కాదు, అచీవ్‌మెంట్లు. అక్కడ ఏ పని చేసినా వృథా పోదు. కొండెక్కితే ఒక పతకం, నది ఈదితే ఒక పతకం, మంట వేసి చారు కాచినా ఒక పతకం. టింగుమని చప్పుడై తెర మీద బంగారు రంగు మెరుస్తుంది. అన్నేళ్ళు చదివినదానికి అవుననీ కాదనీ చెప్పేవాళ్ళు లేని నాకు, ఉత్తుత్తి కొండ ఎక్కినందుకు ఎవరో భుజం తట్టినట్టుండేది. కానీ ఆ తృప్తి గ్లాసుడు మంచినీళ్ళు తాగినంతసేపు కూడా నిలిచేది కాదు. ఒకటి రాగానే దాని పక్కన ఇంకా రానిది బూడిదరంగులో కనిపించేది. అది వచ్చేదాకా మనసు పీకుతూనే ఉండేది.

ఆ ఆటలో జట్లు కట్టుకుంటారు. మా జట్టుకి పెద్ద, శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డున ఉండే మనిషి. ఇంటిల్లిపాదీ చేపల వేట మీద బతికేవాళ్ళు. మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి పంపేవాడు. అందరినీ బావా అనేవాడు, నన్ను కూడా. గడ్డం బొమ్మ వెనక ఆడపిల్ల ఉందని నేను చెప్పలేదు. చెబితే ఆ చనువు పోతుందేమోనని అనిపించేది.

ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రం మీద వేట ఆపేస్తారు. పడవలు ఇసుకలో ఉండిపోతాయి. వలలు బాగుచేసుకోవడం అయిపోయాక అతనికి కాలు నిలిచేది కాదు. ఆటలోకి వచ్చి అక్కడ కూడా చేపలే పట్టేవాడు. జట్టులో వాళ్ళు ఎగతాళి చేస్తే, "ఇక్కడ ఉప్పునీరు కళ్ళల్లో పడదు బావ, అదొకటి బాగున్నాది" అన్నాడు.

అతనికి కావలసింది ఒక బిరుదు. ఆ లోకంలో ఉన్న చేపలన్నిటినీ రకానికొకటి చొప్పున పట్టినవాళ్ళకి సముద్రానికి రాజు అని అర్థమొచ్చే పేరు తల మీద వెలుగుతుంది. అది ఉన్నవాళ్ళు ఊళ్ళోకి వస్తే మిగతావాళ్ళు ఆగి చూస్తారు. అతనికి ఒక్క చేపే తక్కువ. ఆటలోని సముద్రంలో తుఫాను లేచినప్పుడే అది పడుతుంది. ఆ తుఫానుకి వేళంటూ లేదు. అతను వేసవంతా ఆ ఒడ్డునే గేలం వేసుకుని కూర్చున్నాడు. తుఫాను రాలేదు. వేట నిషేధం మాత్రం అయిపోయింది.

సముద్రం మీదికి వెళ్ళే ముందు నాకు తన పాస్‌వర్డు పంపాడు. జట్టు పెద్ద కొన్నాళ్ళు కనిపించకపోతే ఆట ఆ పెద్దరికాన్ని వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది. అందుకని రోజూ ఒకసారి తన బొమ్మని తెరిచి మూసేయమన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

నేను తెరిచాను, మూయలేకపోయాను. ఒడ్డున నిలబడ్డ ఆ బొమ్మని చూస్తే ఆ ఒక్క చేప నాకే తక్కువైనట్టు అనిపించింది. ఇక వెబ్‌సైటు ఒకసారి, ఆటలో ఆకాశం ఒకసారి చూసేదాన్ని. మా ఇంటి మీద వాన కురిసినా ఉలిక్కిపడి ఫోను తీసేదాన్ని.

ఆ సమయంలోనే విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూలు నన్ను డెమో క్లాసుకి రమ్మంది. నాన్న బండి మీద చీపురుపల్లి స్టేషన్లో దింపాడు. "బెదరకు. ఇంటికాడ సిన్న గుంటలకి పాటం సెప్పినట్టే సెప్పు" అన్నాడు. పాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆకులో పత్రహరితం గురించి చెప్పాల్సిన పాఠం మనసులో ఒకసారి తిప్పుకుని, ఉండబట్టలేక ఆట తెరిచాను.

అక్కడ ఆకాశం నల్లగా ఉంది. అలలు రాళ్ళ మీదికి ఎగిరిపడుతున్నాయి.

గేలం వేశాను. బెండు మునిగింది, లాగాను, తెగింది. మళ్ళీ వేశాను. రైలు ఎక్కడో ఆగింది. గంపలు దించుకుంటున్న చప్పుడు, పిలుపులు, తోపులాట వినిపిస్తూనే ఉన్నాయి. ఇంకొక్క లాగు, ఇంకొక్కటి అనుకుంటూ వేళ్ళు నొప్పెట్టేదాకా లాగాను. చేప ఒడ్డున పడింది. ఆ లోకమంతటికీ కనిపించేలా అతని పేరూ బిరుదూ తెర మీద పరుచుకున్నాయి. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను.

ఎదురు సీటు ముసలామె నవ్వుతూ, "ఏటమ్మా, ఉజ్జోగం వొచ్చినాదా?" అంది.

నాది కాదు, ఇంకొకరిదని చెప్పి కిటికీ బయటికి చూశాను. విజయనగరం వెనక్కి వెళ్ళిపోయింది. తరువాతి స్టేషన్లో దిగి, ఆటో పట్టుకుని స్కూలు చేరేసరికి డెమోలు అయిపోయాయి. వేరే అమ్మాయిని తీసుకున్నామన్నారు. తిరుగు రైల్లో ఏడుపు రాలేదు. వచ్చిన ఆ బిరుదునే తెరిచి తెరిచి చూసుకున్నాను.

అతను వేట నుంచి తిరిగొచ్చిన సాయంత్రం నేను డాబా మీద ఎదురుచూస్తున్నాను. జట్టంతా అభినందనలతో మోగిపోయింది. కాసేపటికి అతని తల మీద బిరుదు మాయమైంది. కావాలనుకుంటే దాన్ని దాచేసుకోవచ్చు. దాచేశాడు.

ఎప్పుడూ మైకు వాడని నేను ఆ రోజు వాడాను. "ఎందుకు తీసేసినావు? దాని కోసం నా ఉద్యోగం పోయింది."

అతను కూడా మైకు ఆన్ చేశాడు. "నువ్వు ఆడపిల్లవేటి?" అన్నాడు. అవునన్నాను. "ఇన్నాళ్ళూ బావా బావా అన్నాను గదమ్మా" అన్నాడు. దానికేం పరవాలేదన్నాను. రైలు సంగతి అడిగాడు, చెప్పాను. చాలాసేపు బాధపడ్డాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు.

"కోపం నేదు సెల్లీ. ఇంకొకలు పట్టిన సేప నాదని సూపించుకుంటే మా వోళ్ళు నవ్వుతారు, అదొకటి. ఆ సేప కోసమే గదా ఏసవంతా కూకున్నాను. ఇప్పుడు నాను దేనికోసం కూకోవాలి?"



కొన్నాళ్ళకి అతను జట్టు పెద్దరికం వేరేవాళ్ళకి ఇచ్చేసి, ఆ బొమ్మని చెరిపేసి, మొదటి లెవెల్ నుంచి కొత్తది మొదలుపెట్టాడు. జట్టులో వాళ్ళు పిచ్చి అన్నారు. నేను కూడా గడ్డం యోధుణ్ణి వదిలేసి, నా పోలికలో ఒక అమ్మాయి బొమ్మని చేసుకున్నాను. ఇద్దరం ఒక చిన్న వాగు దగ్గర, చవక గేలాలతో, పనికిమాలిన చేపల నుంచి మొదలుపెట్టాం. పతకాలు మళ్ళీ టింగు టింగుమని వచ్చాయి. ఈసారి అవి వస్తుంటే ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం.

ఈలోగా శృంగవరపుకోటలో ఒక స్కూలు నన్ను తీసుకుంది. పాఠం చెప్పే గంట తప్ప మిగతా సమయమంతా అదే తొందర, అదే పీకుడు. ఫలితాలు రాలేదు.

మరుసటి వేసవిలో, పడవలు మళ్ళీ ఇసుక ఎక్కాక, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటలో తుఫాను లేచింది. అప్పటికి ఇద్దరికీ ఆ ఒక్క చేపే తక్కువ, ఇద్దరం ఆ ఒడ్డునే ఉన్నాం. నా గేలం తెగింది. అతనికి పడింది. "వొచ్చీసినాది సెల్లీ" అని ఒక్క ముక్క పంపాడు. బిరుదు తగిలించుకుని ఊళ్ళోకి వెళ్ళి ఒక చుట్టు తిరిగాడు. జనం ఆగి చూశారు.

తిరిగొచ్చి నా పక్కన నిలబడి, ఇంకేటి మిగిలున్నాదని అడిగాడు. నాది మిగిలి ఉందన్నాను.

"అయితే కూకుందాం" అన్నాడు.

అప్పటికి తుఫాను పోయి ఆకాశం తెల్లబడింది. అయినా గేలాలు వేశాం.