తడిచీర

పలాస స్టేషన్ దగ్గర ఇల్లులేనివాళ్ల వసతిగృహం ఒకటుంది. అక్కడ నెల్లాళ్లు వాళ్లతో ఉండి కవితలు రాయమని ఒక సాహిత్య సంస్థవాళ్లు నన్ను పంపారు. ఆ కవితలకంటే నాకు గుర్తుండిపోయింది ఒక పెద్దమ్మ.

పొద్దున్నే చీర ఉతికి దండెం మీద వేసేది. జీడిపిక్కలు కొట్టే పనికి బయలుదేరే ముందు, అది ఇంకా నీళ్లోడుతుండగానే తీసి పిండి, సంచిలో కుక్కేసేది. సాయంత్రం మళ్లీ ఆరేసేది, కాసేపటికే మళ్లీ తీసేసేది. ఆవిడ పక్కన కూర్చుంటే తడిబట్ట ముక్కిన వాసన.

చూసి చూసి నాకే చిరాకేసింది. "ఆరనివ్వొచ్చు కదా పెద్దమ్మా! ఎవరూ పట్టుకుపోరు."

"పట్టుకుపోతారని కాదు బావూ. ఎప్పుడు లెగిసి పొమ్మంతారో తెల్దు కదా."

తుపానుకి ఉద్దానంలో ఇల్లు కూలాక తమ్ముడింట్లో, ఆ తర్వాత కంచిలిలో ఒక బడి వరండాలో తలదాచుకుందట. రెండుచోట్లా పొమ్మన్న తొందరలో చీర దండెం మీదే ఉండిపోయిందట. వెనక్కి వెళ్లి అడగడానికి మనసొప్పలేదట.

ఇక్కడ ఎవరూ పొమ్మనరని వార్డెన్ ఎంత చెప్పినా వినేది కాదు. మాట్లాడుతూనే చెయ్యి చాచి చీర తడి చూసేది. ఆ చెయ్యి చూస్తుంటే నాకూ కుదురుండేది కాదు. రాస్తున్న కాగితం వదిలేసి లేచిపోయేవాణ్ని.

నా నెల అయిపోయింది. మా టెక్కలి బస్సుకి టైమైపోతోందని, దండెం మీది తువ్వాలు తడిగానే లాగి బ్యాగులో కుక్కుతున్నాను. ఆవిడ వచ్చి నా చేతిలోంచి తీసుకుని, విదిలించి మళ్లీ దండెం మీద వేసింది.

"ఆరనీ బావూ. నీకు ఇల్లుంది కదా, ఈ తొందరేటి?"