మాట తాగిన ఇల్లు

"మీ జీతానికేం లోటు లేదు మేడమ్. ఇల్లూ బాగానే ఉంది. కాకపోతే మళ్లీ విలువ కట్టిస్తే బాగా తక్కువొచ్చింది. ఏజెన్సీ కదా! అక్కడ గిరిజనుల స్థలం గిరిజనులే కొనాలి. రేపు మీరు కట్టలేకపోతే మేం దాన్ని ఎవరికి అమ్ముకోవాలి చెప్పండి? అందుకని పైవాళ్లు లోను సగానికి తగ్గించేశారు."

ఎస్.కోట బ్యాంకులో మేనేజరు ఈ మాటలన్నీ చాలా మర్యాదగానే చెప్పాడు. హేమలత మాత్రం తన తరగతిలో తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా తల వంచుకుని కూర్చుంది.

"ముందు ఇస్తామన్నారు కదండీ..."

"మంజూరైందంటే చేతికిచ్చేసినట్టు కాదు మేడమ్. రిజిస్ట్రేషన్ దాకా మార్చుకునే వీలు మాకుంటుంది. టీ తాగుతారా?"

వద్దంది. లేచి వస్తూ, ఎందుకో తనకే తెలియకుండా, "థాంక్సండీ" అని కూడా అంది. ఆ మాట ఘాటు రోడ్డు పొడుగునా ఆమెను గుచ్చుతూనే ఉంది.

జీపు నడుపుతున్నది ఆమె భర్త భాస్కరే. వెనకంతా ఉల్లిపాయల బస్తాలూ, సంతకు సరుకు తెచ్చుకుంటున్న వాళ్లూ. వాళ్ల ముందు అడగలేక అతను రెండుసార్లు ఆమె మొహంలోకి చూసి ఊరుకున్నాడు. అరకులో అందరూ దిగిపోయాక గాని నోరు విప్పలేదు. విషయం విని స్టీరింగు మీద ఒక్కటి చరిచాడు.

"నాను సెప్పినానా నేదా? రిజిస్ట్రేషనయ్యాక తాగుదారే మాట అని. ఇన్నావా? ఇప్పుడా ముసలోళ్ల గతేటి?"

ఆమె బాధా అదే. లోను తగ్గడం కాదు.

హేమలత ఆశ్రమ పాఠశాలలో టీచరు. తండ్రి బతికినన్నాళ్లూ పరాయి కాఫీ తోటల్లో పళ్లు కోశాడు. వాళ్ల వాడలో ఎవరు ఇల్లు కొన్నా, అమ్మినా అందరి ముందూ జీలుగు చెట్టు కల్లు పంచుకుని తాగుతారు. మాట తాగడమంటారు దాన్ని. అలాంటి చోట తండ్రి ఎప్పుడూ అంచున నిలబడి ఆకు డొప్పలో కల్లు అందుకునేవాడే తప్ప, చాప మీద కూర్చుని మాట ఇచ్చినవాడు కాదు. అందుకే లోను మంజూరైందని ఫోనుకు మెసేజు రాగానే హేమలత ఆగలేకపోయింది. స్టాఫ్ రూములో అందరికీ స్వీట్లు పంచింది. ఆ వారమే కోడినీ కల్లునీ పట్టుకుని, ఇల్లు అమ్ముతున్న ముసలి గాసి దగ్గరికి వెళ్లి, చాప మీద తండ్రి కూర్చోని చోట తాను కూర్చుంది.

గాసికి ఊళ్లో ఇల్లు అమ్మి, కొండ మీద తమ్ముడి పక్కన మిరియాల తోట వేసుకోవాలని కోరిక. మాట తాగిన సాయంత్రమే అతని భార్య అప్పలనర్సమ్మ పొయ్యిరాళ్లు పెకలించి బయట పెట్టేసింది. గ్యాసు స్టవ్వునూ తీయించేసింది. మాట తాగాక ఆ ఇంట్లో అమ్మినవాళ్లు నిప్పు రాజేయకూడదు. కొన్నవాళ్లు వచ్చి రాజేసే దాకా ఇల్లు చల్లగా ఉండాల్సిందే. తాళం హేమలత చేతిలో పెట్టి, మొగుడూ పెళ్లాం ఊళ్లోనే ఉన్న బంధువు మంగ్లు పశువుల సాలకు మారిపోయారు. నాలుగు రోజుల ముచ్చటేగా అనుకున్నారు. రిజిస్ట్రేషన్ ఇవాళా రేపూ అంటూనే కాఫీ పళ్లు ఎర్రబడ్డాయి, చలి ముదిరింది.

బ్యాంకు నుంచి వచ్చాక హేమలత బడికి దారి మార్చింది. మంగ్లు సాల కనబడకుండా తోటల వెనక నుంచి చుట్టు తిరిగి, మంచుకు చీర కుచ్చిళ్లు తడుపుకుంటూ వెళ్లేది. శుక్రవారం సంతలో మాత్రం తప్పించుకోలేకపోయింది.

"ఓ టీచరమ్మా!" అప్పలనర్సమ్మ రాజ్‌మా కుప్పల అవతల నుంచి కేకేసింది. బయట పొగలో, మంచులో వండి వండి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాటకో దగ్గు వస్తోంది. "మంచిరోజు సూసినారా? ఎప్పుడే పాలు పొంగించీది?"

"వచ్చే వారం అత్తా" అంది హేమలత.

అనేసింది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వుతూ, "అయితే మాకు బోయినాలే!" అన్నారు. హేమలత కూడా నవ్వింది. కూరగాయలు కొనకుండానే ఇంటికి వచ్చి, తలుపు వేసుకుంది. పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే నోటితో ఎంత సులువుగా ఆడేసింది!

మర్నాడు పొద్దున్నే సాలకు వెళ్లింది. గాసి ఎండలో కూర్చుని కొడవలికి పిడి బిగిస్తున్నాడు. మంగ్లు అక్కడే ఉన్నాడు. ఆమె నిలబడే చెప్పింది, బ్యాంకు మాటా, తన అబద్ధమూ.

"అంటే మనం కొనీది కాబట్టి మన నేలకి ఇలవ నేదన్నమాట!" మంగ్లు పకపకా నవ్వాడు. "మరి డబ్బు సేతికి రాకుండానే మాట తాగినావేటి టీచరమ్మా? ఆ కల్లు కక్కీ."

"నువ్వు నోరు ముయ్యిరా" అన్నాడు గాసి. కానీ అతని చేతిలో కొడవలి ఆగిపోయింది.

"మామా, మాట వెనక్కి తీసుకోండి. ఇంకెవరికైనా అమ్ముకోండి. టీచర్ల సొసైటీలో అప్పు అడిగాను, ఉగాదికి గాని రాదు. అప్పటిదాకా మిమ్మల్ని..." తాళం తీసి చాచింది.

గాసి దాన్ని ముట్టుకోలేదు. "తాగిన మాట ఎనక్కెలగొస్తాదే గుంటా? ఉగాదికే రానీ. నాను ఆగుతాను."

"నువ్వు ఆగుతావు, దగ్గీది నాను!" అప్పలనర్సమ్మ లోపల నుంచి విసురుగా వచ్చింది. "ఈ సలిలో ఉగాది దాకా బయిట వొండమంటావా? ఇదిగో టీచరమ్మా, నాను నిప్పెట్టకూడదు గానీ నువ్వెట్టొచ్చు. మాట తాగింది నువ్వు. బేగి ఎల్లి పొయ్యెలిగించు. నీ సుట్టాలమై వొచ్చి ఉంటాం."

హేమలతకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని తాళం వైపు చూసుకుంది. పైసా చెల్లించని ఇంట్లో తాను యజమానురాలిగా పొయ్యి వెలిగించాలి. ఆ ఇల్లు కట్టుకున్నవాళ్లు చుట్టాలుగా రావాలి.

"అదొక్కటే దారే. కాదన్నావంటే ఇక్కడే దగ్గి సస్తాను" అంది అప్పలనర్సమ్మ.

మధ్యాహ్నానికి భాస్కర్ తమ స్టవ్వునూ సిలిండర్నూ జీపులో వేసి తెచ్చాడు. తాళం తీస్తుంటే ఎదురింటివాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. పాలు పొంగాయి. హేమలత అన్నం, చిక్కుడుగింజల పులుసు వండింది. గాసి దంపతులు నడవలో గోడకు ఆనుకుని, పరాయి ఇంట్లో కూర్చున్నట్టే ఒద్దిగ్గా కూర్చున్నారు. "పులుసు బాగుందే" అన్నాడు గాసి, వడ్డించిన దానికన్నా ఎక్కువ అడక్కుండా.

తిన్నాక అప్పలనర్సమ్మ అలవాటు కొద్దీ పళ్లేలు పోగేసుకుని పెరట్లోకి నడిచింది. గుమ్మం దగ్గర టక్కున ఆగి వెనక్కి తిరిగింది.

"కడగమంటావా టీచరమ్మా?"

ఆ పెరడు ఆమె తవ్వుకున్నది. ఆ కడుగుబండ ఆమె మోసుకొచ్చి వేసుకున్నది. నీ ఇల్లే కదత్తా అనాలనుకుంది హేమలత. కానీ ఆ మాట అంటే తాగిన మాట తప్పినట్టే, మళ్లీ సాలకు పంపినట్టే.

తలెత్తకుండానే, "కడుగత్తా" అంది.