రెండు వరుసల్లో ఒకే బస్సు

మేడ్చల్ షైనికి ఆ వారమంతా ఏమీ తలకెక్కలేదు. కండ్లకోయలో ఒక చిన్న ఆఫీసులో కొత్త ఉద్యోగం. బస్సుల యజమాని పరమేశ్‌కు ట్రిప్పులు పంచే ప్రోగ్రాం రాయడమే తొలి పని. ఆమె తండ్రి శాంసన్ ఆయన దగ్గరే డ్రైవరు. పొద్దున కాలేజీ పిల్లల్ని, ఆ తర్వాత కుత్బుల్లాపూర్ ఫ్యాక్టరీ వాళ్లని దించేది ఒకే బండి.

పైథాన్ అనే ప్రోగ్రాం భాషలో ‘బస్సు’ అని ఒక క్లాసు, అంటే ఒక నమూనా, దాని కింద ‘కాలేజీ బస్సు’, ‘కంపెనీ బస్సు’ అని రెండు పిల్ల క్లాసులు రాసింది. డేటాబేస్‌లో మాత్రం అన్నిటికీ ఒకటే టేబుల్. బండికో వరుస, ప్రతి వరుసలో ‘రకం’ అని ఒక గడి, అందులో ఏ మాట ఉంటే ఆ క్లాసు. ఎంత ముచ్చటగా ఉంది! తీరా తండ్రి బండి దగ్గరికొచ్చేసరికి బుర్ర గిర్రున తిరిగింది. కాలేజీ అని రాస్తే కంపెనీ ట్రిప్పులు మాయం, కంపెనీ అని రాస్తే కాలేజీవి మాయం. విసుగొచ్చి ఒకే బండికి రెండు వరుసలు పెట్టేసింది, మహాతల్లి!

ప్రోగ్రాం వాటిని రెండు బస్సులనుకుంది. సోమవారం ఒకే సమయానికి శాంసన్‌కు రెండు ట్రిప్పులు వేసింది. ఆయన కాలేజీ రూటుకు వెళ్లాడు, ఫ్యాక్టరీ వాళ్లు రోడ్డు మీద మిగిలిపోయారు. పరమేశ్ మండిపడి బండి తాళం లాక్కున్నాడు. సంగతి తెలిసి షైని షెడ్డుకు పరుగెత్తుకొచ్చింది.

“ఒక్క బండి రెండు దిక్కుల ఎట్ల వోతది సేటూ?” అంటున్నాడు శాంసన్.

“కంప్యూటర్ల రెండున్నయ్! నాకే జెప్తున్నవా?”

నోరు విప్పితే తన ఉద్యోగం పోతుంది, విప్పకపోతే నాయినది. షైనికి ఏడుపొచ్చింది.

“సార్, బండి ఒక్కటే. రెండు జేసింది నేనే. బండికి రకం రాసిన. ట్రిప్పుకు రాయాల్నేమో... నాకింకా సమజైతలేదు. గని మా నాయిన తప్పు లేదు.”

“ఏమో అంటవేందమ్మా! పరేషాన్ జేసినవ్ గద! మీ ఆఫీసోళ్లతోని మాట్లాడ్త,” అని పరమేశ్ తాళం శాంసన్ చేతిలో పడేశాడు.

శాంసన్ కూతురి వైపు చూశాడు.

“ఇగ ఎక్కు బిడ్డా, ఆఫీసు కాడ దించుత. గాళ్లు అడిగితే గీ మాటే జెప్పు.”