కిటికీ బయటికి చాపిన చెయ్యి

కౌలాలంపూర్‌లో నేను చదివిన ఆ చిన్న కాలేజీ పేరెత్తితే నాకు పాఠాలు గుర్తురావు. ఒక చెయ్యి గుర్తొస్తుంది.

ఉన్నది ముప్పై మందిమి. తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను గుమాస్తా కొడుకుని, అతను రబ్బరు తోట కూలీల కొడుకు. తత్వశాస్త్రం పాఠం నడుస్తున్నా సరే, వాన మొదలైతే అతను లేచి, కిటికీలోంచి చెయ్యి చాపి, బయటి చెట్టు మాను తడిమి చూసేవాడు. క్లాసంతా నవ్వేది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

"మాను తడిస్తే రబ్బరు పాలు తియ్యరు రా. ఆ పూట మా యమ్మకి కూలి నేదు. సెయ్యి దానంతట అదే ఎల్లిపోతాది," అన్నాడొకసారి.

రబ్బరు ధర పడిపోయిన ఏడు వాళ్ళ తోట మూసేశారు. కూలీలందరినీ పెనాంగులో ఓడెక్కించి విశాఖపట్నం పంపేశారు. అమ్మానాన్నలు వెళ్ళిపోతున్నారన్న ఉత్తరం ఓడ వెళ్ళిపోయాకే అతనికి అందింది.

"వాళ్ళ ఊరికి జాబు రాయరా," అన్నాను.

"ఏ ఊరికి రాయను? నాను ఇక్కడే పుట్టినాను. ఇంట్లో ఎప్పుడూ 'మనూరు' అనీవోరు. పేరేటని అడగనేదు."

"తోట ఆఫీసులో ఉంటుందిగా?"

"తాళం ఏసేసినారు. గ్రీసు దేశంలో ఊర్లన్నీ సెప్పగల్ను రా! మా యమ్మ ఊరు తెల్దు."

ఆ మధ్యాహ్నం చరిత్ర పాఠంలో వాన పట్టుకుంది. నవ్వడానికి సిద్ధమై అందరూ అటు తిరిగారు. అతను లేవలేదు. కుడిచేతిని ఎడమచేత్తో బల్లకేసి అదిమి పట్టుకుని, వాన వెలిసేదాకా అలాగే కూర్చున్నాడు.