పాలమూరుకు వెళ్లి మూత్రం కొలవడం నేర్చుకున్నాను

కొల్లాపూర్ నుంచి పాలమూరు వెళ్లే మొదటి బస్సు పొద్దున ఆరింటికి. నేను ఐదుకే స్టాండులో ఉన్నాను. మూత్రపిండాల జబ్బుల మీద నర్సులకూ కంపౌండర్లకూ జిల్లా దవాఖానలో నాలుగు రోజుల శిక్షణ అని కాగితం రాగానే, మా దవాఖాన నుంచి నర్సుగా నన్నే పంపమని మా డాక్టరుగారి వెంటపడి ఒప్పించాను. ఎందుకంత పట్టు అంటారా? కిందటి వానాకాలంలో రక్తపింజర కరిచిన ఒక కూలిమనిషి విషం నుంచి బయటపడ్డాడు గానీ, మూత్రం ఆగిపోయి వారంలో చనిపోయాడు. మూత్రం రావాలని అతనికి చెంబులకొద్దీ నీళ్లు తాగించింది నేనే. అది మంచో చెడో చెప్పేవారు అప్పుడెవరూ లేరు.

టిక్కెట్టు రెండున్నర రూపాయలు. ఈ దారిన వెళ్లేవారు ఎడమ కిటికీ పట్టుకోండి, పొద్దుటెండ కుడివైపు కొడుతుంది. ఎనిమిదిన్నరకు నాగర్‌కర్నూల్‌లో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు తిని చాయ్ తాగాను. పక్క సీటు పెద్దాయన నా ట్రంకుపెట్టె చూసి, "అత్తగారింటికా బిడ్డా?" అన్నాడు.

"కాదు తాతా, సదువుకోను పోతున్న. గుర్దాల సదువు."

మేకవైనా మనిషివైనా మూత్రపిండాలను మావైపు గుర్దాలనే అంటారు. ఆయన నా పెట్టెను మళ్లీ చూశాడు. "మాంసం దుకాణం పెడ్తవా?"

పాలమూరు చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. పదకొండు దాటింది. బస నర్సుల క్వార్టర్సులో, భువనగిరి నుంచి వచ్చిన సుశీలమ్మతో కలిసి ఒకే గది. నల్లగొండ జిల్లావాళ్లనూ మాతోనే కలిపారు. భోజనం దవాఖాన వంటశాలలోనే, జొన్నరొట్టె, పప్పు. చారు మాత్రం ఆశించకండి.

మధ్యాహ్నం క్లాసులో హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరుగారు బల్లమీద గంపెడు మేక గుర్దాలు పోసి, తలా ఒకటి కోయమన్నారు. నాది నిలువునా రెండుగా విప్పితే లోపల ఎర్రటి అంచు, దాని కింద గీతలు, మధ్యలో తెల్లటి గిన్నెలాంటి జాగా. రక్తం ఇక్కడే వడకట్టబడుతుందని ఆయన చెబుతుంటే నాకు ఒళ్లు పులకరించింది.

"గిన్నేండ్ల సంది కూర వండుకొని తిన్న గని, లోపల గిట్లుంటదని ఎన్నడన్న చూస్తినా!" అంది సుశీలమ్మ.

రెండో రోజు తలా ఒక కొలత గ్లాసు ఇచ్చారు. ఔన్సులు పోయి మిల్లీలీటర్లు వస్తున్న రోజులు, గ్లాసు మీద రెండు గీతలూ ఉన్నాయి. తాగిన నీళ్లూ, పోసిన మూత్రమూ ఎవరిది వారు కొలిచి రాయాలి. పెద్దపెద్ద కంపౌండర్లు కూడా గ్లాసును తువ్వాల్లో దాచుకుని నడిచారు. చౌటుప్పల్ కంపౌండరు సిగ్గుతో కొలవకుండా రోజంతా ఒకే అంకె వేశాడు. "నీ గుర్దాలు గడియారం చూస్కొని పనిచేస్తయా?" అని డాక్టరుగారు అడిగితే క్లాసంతా గొల్లుమంది.

చివరి రోజు పాఠమే నాకు కావలసింది. "పనిచేయని గుర్దాకు నీళ్లు మందు కాదు, బరువు. ఎంత మూత్రం పోస్తే అన్ని నీళ్లు, చెమటకు పోయే దానికి ఇంకొంచెం. అంతే ఇవ్వాలె," అన్నారు డాక్టరుగారు. నేను తాగించిన చెంబుల నీళ్లు గుర్తొచ్చాయి. నేను చేసింది తప్పే. చాలా బాధపడ్డాను. కానీ అబద్ధమెందుకు, ఇక తెలిసిందన్న సంతోషం అంతకంటే ఎక్కువగా ఉంది.

ఆ మధ్యాహ్నం ఒంటిగంట బస్సెక్కాను. బిజినేపల్లిలో ఎల్లయ్య, బాలమ్మ అనే భార్యాభర్తలు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. ఎల్లయ్య కాలికి కట్టు. బాలమ్మ బస్సులో అందరికీ బెల్లం పంచుతూ, "పింజర కరిచి ఐదు దినాలాయె. పసరు మందుతోని బతికిండు, మొక్కు తీర్చ పోతున్నం," అంది. నేను బెల్లం నోట్లో వేసుకుని అతని ముఖం చూశాను. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. బాలమ్మ సొరకాయ బుర్ర ఎత్తి అతనికి నీళ్లు తాపుతోంది.

"అక్కా, ఒంటికి ఎప్పుడు పోయిండు?"

"గదేం అడుగుడమ్మా, గింతమందిల!" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎల్లయ్య కిటికీ వైపు తిరిగి, "మొన్నటి సంది సుక్క రెండు సుక్కలే," అన్నాడు.

నేను బుర్ర లాక్కున్నాను. బాలమ్మ మండిపడింది. "బతికొచ్చినోనికి నీళ్లు వద్దంటవా?" బస్సంతా ఆమె పక్షమే. ఇక దాచి లాభం లేదనుకున్నాను. "అక్కా, నిరుడు ఒకాయనకు నేనే గిట్ల నీళ్లు తాపిన. సచ్చిపోయిండు. నీకు దండం పెడ్త, ఎనుకకు పాలమూరు దవాఖానకు పోదాం."

ఆమె బుర్ర కోసం చాచిన చేయి వెనక్కి తీసుకుంది. "నువ్వు గూడ వస్తవా?"

"వస్త."

నాగర్‌కర్నూల్‌లో దిగి, నాలుగింటికి ఎదురు బస్సు పట్టుకున్నాం. చీకటిపడే వేళకు చేరితే, డాక్టరుగారు రైలుకు బయలుదేరుతున్నారు. పెట్టె కింద పెట్టి ఎల్లయ్యను పరీక్షించారు. "రక్తం కడిగే మిషన్ ఇక్కడ లేదు. ఉన్నది గ్లాసు, నువ్వు. కొలువమ్మా," అని, ఏం చేయాలో రాసిచ్చి వెళ్లారు.

సెలవు కావాలని కొల్లాపూర్‌కు తంతి కొట్టి ఉండిపోయాను. మొదటి రోజు గ్లాసు అడుగు కూడా సరిగ్గా తడవలేదు. ఎల్లయ్య నీళ్ల కోసం ఏడ్చాడు. బాలమ్మ నాతో మాట్లాడకుండా, తడిగుడ్డతో అతని పెదవులు అద్దుతూ కూర్చుంది. నాలుగో రోజు నుంచి ఆమే గ్లాసు పట్టుకుని గీతలు చూడటం మొదలుపెట్టింది. ఆరో రోజుకీ పెద్ద మార్పు లేదు, నా సెలవు అయిపోయింది.

మరునాడు ఒంటిగంట బస్సులో దిగులుగా కూర్చున్నాను. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడో లేదో, స్టాండు అవతలి నుంచి బాలమ్మ గ్లాసు ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "సిస్టరమ్మా! మా ఆయన పోస్తుండు! ఆరు గ్లాసులు! నేనే కొలిచిన!"

స్టాండంతా తిరిగి చూసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. బస్సు కదిలింది. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి గొంతు పగిలేలా అరిచాను. "ఇగ నీళ్లు తాపక్కా! పోసినన్ని తాపు!"