రామక్కాళ్ దుర్భిణి కొన్న వైనం

2023 సెప్టెంబరు 4, సోమవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. మదురైలో ఆకాశం మూసుకొని ఉన్నది గాని వాన లేదు. గాలి స్తంభించి, ఉక్క తడిగుడ్డలాగా ఒంటికి చుట్టుకొని ఉన్నది. ఆ సమయాన, రైల్వేస్టేషనుకు తూర్పున ఉన్న ఒక ఇరుకు సందులో, సర్వే పనివాళ్ళ కొలత పరికరాలు మరమ్మతు చేసి, దుర్భిణులు కూడా అమ్మే చెన్నకేశవన్ అంగడి మెట్టు మీద రామక్కాళ్ మొదటిసారి కాలు పెట్టింది.

ఆమెది పేరైయూరు దాటి లోపలికి పోతే వచ్చే నల్లరేగడి పల్లె. వయస్సు అరవై ఏడు. భర్త పోయి పన్నెండేళ్ళు. కొడుకు వెంకటేశన్, కోడలు సుగన్య, తొమ్మిది ఎకరాల మెట్టచేను, కొన్ని మేకలు, ఇదీ ఆమె సంసారం. మదురైకి కంటి డాక్టరమ్మ దగ్గరకు పోతున్నానని చెప్పి ఇంటినుండి బయలుదేరింది. డాక్టరమ్మను చూడనే లేదు.

ఆ ఇంట ఒక ఆచారం ఉన్నది. పల్లెలో తక్కిన ఇళ్ళవాళ్ళు ఏనాడో వదులుకొన్నారు గాని ఆ ఇల్లు మాత్రం వదలలేదు. తమిళుల పురట్టాసి నెల చివర, అంటే అక్టోబరు నడుమ, వాన పడి నేల అదనుకు వచ్చిన తరువాత, విత్తేనాటి వేకువన ఇంటి పెద్దావిడ చేని గట్టున నిలిచి పిల్లలకోడిని లెక్కపెట్టాలి. కృత్తికలనే ఆ చిన్న చుక్కల గుంపుకు వాళ్ళ పెద్దలు కొన్ని వందల ఏళ్ళ కిందట ఉత్తరంనుండి నడిచి వస్తూ తెచ్చుకొన్న పేరు అది. ఒకటి, రెండు అని పైకి చెబుతూ ఆరు వరకు లెక్కపెట్టి, అప్పుడు విత్తుల బుట్టలో చేయి పెట్టి, తొలి పిడికెడు ఆమే చల్లాలి. ఆరూ కంటికి ఆననినాడు బుట్టను తరువాతి ఆడమనిషికి ఇచ్చివేయాలి. ఒకసారి ఇచ్చిన చేతికి అది మళ్ళీ రాదు. రామక్కాళ్ అత్తగారు అట్లాగే ఇచ్చింది. ఇచ్చిన ఏటినుండి చేనికి రావడం మానుకొని, ఏ విత్తనం వేయాలన్న మాటలోనూ కలుగజేసుకోక, వడ్డించినప్పుడు తిని, పిలిచినప్పుడు పలికి కాలం వెళ్ళబుచ్చింది. ఆ బుట్ట ఇరవై ఆరేళ్ళుగా రామక్కాళ్ చంకన ఉన్నది.

నాలుగేళ్ళుగా ఆమెకు పిల్లలకోడి మసకబారుతూ వచ్చింది; మొదట్లో కళ్ళు చికిలించి ఎట్లాగో ఆరూ పట్టుకొన్నది. పోనుపోను ఆ చోట ఆకాశం మీద పాలచుక్క ఒలికి తుడిచినట్లు ఒక మసక మాత్రం కనబడేది. శుక్లాలు తీయించుకొన్నది. సూదిలో దారం ఎక్కించగలిగింది గాని, చిన్న చుక్కలు మాత్రం తిరిగి రాలేదు. కంటి వెనుక నరం పలచబడిందనీ, అది కళ్ళజోడుతో పోయేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. కిందటేడు రామక్కాళ్ తల ఎత్తి, ఏమీ ఆనకపోయినా, జ్ఞాపకం మీదనే ఆరూ లెక్కపెట్టింది. మినుములు చక్కగా మొలిచాయి. ఎవ్వరూ ఏమీ అనలేదు. అయినా ఏడాది పొడుగునా ఆ 'ఆరు' ఆమె గొంతులో చేపముల్లులాగా నిలిచే ఉన్నది. ఈ ఏడు నిజంగా చూచి చెప్పాలి, లేదా బుట్ట ఇచ్చివేయాలి. అందుకే రెండు పొట్టేళ్ళను అమ్మి, ఎనిమిదివేలు నడుముసంచిలో దోపుకొని వచ్చింది.

చెన్నకేశవన్ అరవై దాటిన బక్కపలచని మనిషి. ఒక సర్వే పరికరం విప్పి, మరలను పళ్ళెంలో వేస్తూ, తల ఎత్తకుండానే తమిళంలో ఏమి కావాలని అడిగాడు. దూరం చూచే గొట్టం కావాలని ఆమె తమిళంలోనే చెప్పింది. కొంచెం ఉండమని ఆయన మరలను లెక్కపెట్టసాగాడు. పెదవుల చాటున సన్నగా తెలుగు అంకెలు వినబడ్డాయి. "ఏడు, ఎనిమిది, తొమ్మిది..."

"మీరు మనవాళ్ళా?" అన్నది రామక్కాళ్ తెలుగులో.

ఆయన తల ఎత్తి నవ్వాడు. "ఆమా అక్కా. చదివింది ఇంగ్లీషు, యాపారం తమిళు. లెక్క మాత్రం మా అమ్మ నేర్పిన మాటలోనే వస్తాది. వేరేదాంట్లో లెక్కపెడితే ఒక మర తక్కువైతాది."

అటుమీద మాట తేలిక అయింది. ఆయన మూడు దుర్భిణులు చూపించాడు. పొడవుగా, సన్నగా, పెట్టె మీద ఏవో పెద్ద అంకెలు వేసి ఉన్నది ఒకటి. బావిబొక్కెనంత లావున, అడుగున అద్దం ఉన్నది ఒకటి. గాజుబీరువాలో, పొట్టిగా, ముందర వెడల్పాటి గాజుతో, పాతబడి రంగు పోయినది మరొకటి.

"అద్దం ఉండేది మీ దుడ్డుకు రాదు" అన్నాడు చెన్నకేశవన్. "వచ్చినవాళ్ళంతా ఎన్ని రెట్లు అని అడుగుతారు. ఆ అంకెను నమ్మవద్దు. గాజు ఎంత వెడల్పు, కింద స్టాండు ఎంత గట్టి, ఈ రెండే అడగాల. సరి, మీరు దేన్ని చూడాల?"

రామక్కాళ్ ఆలోచించింది. ఈయన తమ మనిషి. తమ మనిషి గనుకనే చెప్పకూడదు. ఇటువంటి మాట బంధువుల వెంట ఏ పెళ్ళిపందిరికో చేరి, అక్కడినుండి తన ఊరికి తనకంటే ముందు పోతుంది.

"చందమామను" అన్నది.

"చందమామకేనా? అట్లైతే ఈ పొడుగుదే చాలు. ఆ పొట్టిది వేండాం. అది ఆకాశాన్ని వెడల్పుగా చూసేది, చందమామ దాంట్లో ఆవగింజ."

ఆరున్నరవేలకు ఆ పొడుగాటిదానిని కొని, గోనెలో చుట్టి, రామక్కాళ్ బస్సెక్కింది.

దానిని మేకల కొట్టంలో దాచింది. తెల్లవారుజామున అందరికంటే ముందు లేవడం ఆమె అలవాటే గనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజుల్లో వేకువన పిల్లలకోడి ఇంచుమించు నడినెత్తిన ఉండేది. గొట్టాన్ని నిలువుగా ఎత్తితే కన్ను పెట్టవలసిన చోటు నేలకు జానెడు ఎత్తున వచ్చేది. ఆమె కొట్టం ముందరి దొడ్డిలో గోనెపట్ట పరుచుకొని, మేకల నడుమ వెల్లకిలా పడుకొని, కన్ను పెట్టింది. చాలాసేపు చీకటి తప్ప ఏమీ లేదు. తరువాత ఒక పిల్ల వచ్చింది. నీలంగా, తడిగా, అప్పుడే గుడ్డు పగిలి వచ్చినట్లుగా ఉన్నది. నాలుగేళ్ళకు తేటగా కనబడిన చుక్క అది. చూస్తూ ఉండగానే అది గాజు ఆ అంచుకు నడిచి, దాటి, వెళ్ళిపోయింది. వెనుక మరి రెండు వచ్చాయి. మేక ఒకటి స్టాండుకు ఒళ్ళు రుద్దుకొంటే ఆకాశమంతా గడగడ వణికింది.

అందమే గాని లెక్క కుదరలేదు. మూడో నాలుగో లోపల ఉంటే తక్కినవి బయట. గొట్టం జరిపితే చూచినవే మళ్ళీ వచ్చాయో, కొత్తవి వచ్చాయో తెలియదు. ఒకనాడు ఐదు అయ్యాయి. ఒకనాడు తొమ్మిది అయ్యాయి. ఆరు మాత్రం ఏనాడూ కాలేదు. తొమ్మిది వేకువలు ప్రయత్నించి, సెప్టెంబరు 21, గురువారంనాడు ఆమె గోనెతో సహా మళ్ళీ మదురై చేరింది.

"చందమామ బాగలేదా అక్కా?" అన్నాడు చెన్నకేశవన్.

"నేను చందమామను చూడనే లేదు."

ఆయన చేతిలోని పని కింద పెట్టి, ఎదుట స్టూలు వేశాడు. రామక్కాళ్ కూర్చున్నది. పిల్లలకోడి సంగతి, బుట్ట సంగతి, కిందటేటి అబద్ధం సంగతి, వీధి వైపు చూస్తూ, ఒక్కొక్క మాటగా చెప్పింది. కన్నకొడుకుకు చెప్పని మాటలవి.

"మొదటే చెప్పి ఉండకూడదా? ఏమిటికి చందమామ అన్నారు?"

"నీకు ఏమిటికి చెప్పాల? అప్పుడు నువ్వు ఎవరో, నేను ఎవరో."

"ఇప్పుడు ఎవరు?"

"ఇప్పుడు దుడ్డు తీసుకున్నవాడివి."

చెన్నకేశవన్ నవ్వాడు. సుద్దముక్కతో బల్ల మీద చిన్న సున్నా గీసి, దానిచుట్టూ పెద్ద సున్నా గీశాడు. "మీకు ఎక్కువ రెట్లు వేండాం అక్కా, తక్కువ కావాల. పెండ్లి ఇంట్లో జనాన్ని లెక్కపెట్టాలంటే తాళం బొక్కలోంచి చూస్తామా? తలుపు తెరిచి చూస్తాము. మీకు నేను తాళం బొక్క అమ్మినాను. తప్పు మీది సగం, నాది సగం. ఇంకొక మాట అడిగి ఉండాల నేను."

బీరువాలోని పొట్టి దుర్భిణిని బయటికి తీశాడు. కోయంబత్తూరులో ఒక బడి మూతపడితే వేలంలో పాడుకొన్నదట. కన్ను పెట్టే ఐపీసులు రెండు ఉంటే, రెండూ కొనవద్దనీ, ముప్ఫైరెండు నంబరు ఒక్కటి చాలుననీ, మిగిలే దుడ్డును స్టాండుకు పెట్టమనీ చెప్పాడు. స్టాండుగా సర్వేవాళ్ళ పాత టేకు ముక్కాలిపీట ఇచ్చాడు; మేకలు కాదు, ఎద్దులు ఒరుసుకొన్నా అది కదలదు. గొట్టం వెనుక మోచేయిలాగా వంగిన ముక్క ఒకటి బిగించాడు. దానివల్ల మెడ ఎత్తనక్కరలేదు. వంగి, నీళ్ళకుండలోకి చూచినట్లుగా, కిందికి చూస్తే చాలు. పొడుగుదానిని అమ్మిన ధరకే వెనక్కు తీసుకొని, పైన పదిహేనువందలు మాత్రం అడిగాడు.

"ఇది నిజంగా ఆరు చూపిస్తుందా?"

"ఉన్నది చూపిస్తాది అక్కా. ఆరు అని నేను మాట ఇయ్యను."

ఆ మాటను ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

ఇంటికి తెచ్చిన మరునాటినుండి మబ్బులు కమ్మాయి. వేకువన లేవడం, దొడ్డిలో నిలిచి పైకి చూడడం, తిరిగి వచ్చి పొయ్యి రాజేయడం, ఇట్లా మూడు వారాలు గడిచాయి. రెండు మంచి వానలు పడి నేల నానింది. అక్టోబరు 16, సోమవారం విత్తాలని వెంకటేశన్ నిశ్చయించాడు. దుర్భిణిలో ఒక్క చుక్కనైనా రామక్కాళ్ చూడకుండానే ఆనాడు వచ్చింది.

నాలుగున్నరకు చేని గట్టున నిలిచేటప్పటికి ఆకాశం కడిగిన రాతిపలకలాగా ఉన్నది. తడిసిన రేగడి వాసన మోకాళ్ళ ఎత్తున మంచుతో కలిసి పాకుతున్నది. తూర్పున వేగుచుక్క దీపంలాగా వెలుగుతున్నది. పడమట, తాటిచెట్ల మీదుగా, పిల్లలకోడి వాలి ఉన్నది. సుగన్య బుట్ట పట్టుకొని వచ్చింది. ట్రాక్టరు తెచ్చిన పాండియన్, రామక్కాళ్ ముక్కాలిపీట దించడం చూచి, "అవ్వా, రాకెట్టు వదలబోతారా?" అని తమిళంలో అడిగాడు.

"నిన్ను కట్టి వదులుతాను. పక్కకు నిలువు."

వెంకటేశన్ మాత్రం నిలిచిపోయాడు. "అమ్మా, ఇది ఏమిది?"

"కన్ను" అన్నది రామక్కాళ్. ఇంక దాచేది ఏమీ లేదు. వంగి చూచింది.

గాజులో కోడి తన సంసారమంతటితో వచ్చి కూర్చున్నది. మొదట ఆరూ, విత్తనపు గింజల్లాగా పెద్దవిగా, ఒక్కటీ తప్పిపోకుండా. ఆమె పైకి లెక్కపెట్టింది. ఐదు, ఆరు. చేయి బుట్ట వైపు చాచబోయింది. ఆరోదాని పక్కన ఏడోది ఉన్నది. దాని వెనుక ఒక చిన్నది, ఇంకొక చిన్నది, తల్లి రెక్క కిందినుండి తొంగిచూచినట్లు. ఎనిమిది. పదకొండు. మూడు వరుసగా వంకర తోవలో నడుస్తున్నాయి. పద్నాలుగు. కాళ్ళ కింద నేల ఉన్నదో లేదో తెలియలేదు. తాను పైనుండి ఒక చీకటి చెరువులోకి చూస్తున్నట్లు, అడుగున ఎవరో వెలిగే విత్తనాలు చల్లిపోయినట్లు తోచింది.

"ఆరు అను, చాలు అమ్మా" అన్నాడు వెంకటేశన్. "బండి బాడుగ గంటకింత."

"ఆరు కాదురా."

ఆరు అంటే బుట్ట ఆమెది. ఆమెకు తెలుసు. ఇరవైరెండు. ఇరవైమూడు. ఇన్నిటిని చూచిన తరువాత ఆరు అనడం కిందటేటి అబద్ధం కంటే పెద్ద అబద్ధం. రామక్కాళ్ నిటారుగా నిలబడింది.

"పోయినేడు నేను చూడలేదు. చూడకనే చెప్పినాను" అన్నది కోడలి వైపు తిరిగి.

"తెలుసు అత్తా" అన్నది సుగన్య. ఆమె సూలూరు పిల్ల. మగ్గాల రొద మధ్య పెరిగి, ఈ ఆచారాన్ని పెళ్ళైన తరువాతనే విన్నది. "పోయినేడు మీరు లెక్కపెట్టినప్పుడు దాని మీద మబ్బు ఉండె. ఎవరికీ కనపడలే."

"మరి ఏమిటికి చెప్పలేదు?"

"చెప్పితే బుట్ట నా చేతికి వస్తాది. మీరు పెద్దత్త మాదిరి ఇంట్లో కూర్చుంటారు. దినామూ నన్ను చూస్తా కూర్చుంటారు. నాకు అది వేండాం."

పాండియన్ దగ్గి, మొగం పక్కకు తిప్పుకొన్నాడు. రామక్కాళ్ కోడలి భుజం పట్టి పడమటికి తిప్పింది.

"ఇప్పుడు నువ్వు చూడు. ఉత్త కంటితో."

సుగన్య తల ఎత్తింది. తడబడుతూ, మధ్యలో ఒకసారి తమిళంలోకి పోయి మళ్ళీ తెలుగులోకి వచ్చి, లెక్కపెట్టింది. "ఆరు అత్తా."

"సరి. చల్లు."

"మీరు?"

"నేను ఇంట్లో కూర్చునేదానికి ఎవరికి తీరిక ఉండాది? ఇరవైమూడు అయినాయి. ఇంకా ఉండాయి. తెల్లారితే పోతాయి." అని రామక్కాళ్ మళ్ళీ వంగి గాజుకు కన్ను ఆనించింది. వెనుక మినుములు నేల మీద పడిన చప్పుడు ఆమె విన్నది గాని తల తిప్పలేదు.

ఆనాడు ఆమె లెక్క ముప్ఫై ఒకటి.

తరువాతి సంగతులు ఇవి. 2024లోనూ, 2025లోనూ తొలి పిడికెడు సుగన్య చల్లింది. రామక్కాళ్ చేనికి పోవడం మానలేదు. 2024లో మినుముకు బదులు సగం చేనిలో జొన్న వేయించినది ఆమే. ఆమె ఎడమకంటికి ఇప్పుడు దుర్భిణిలో కూడా చుక్కలు ఆనవు. కుడికంటితో చూస్తుంది. ఆ కంటితో లెక్కపెట్టిన వాటిలో ఎక్కువ సంఖ్య నలభై రెండు, 2025 జనవరి 27, సోమవారం, సాయంత్రం ఏడున్నర. చెన్నకేశవన్ 2024 జూన్‌లో అంగడి మూసి, మేట్టుపాళయంలో కూతురి ఇంటికి పోయాడు. పొడుగాటి దుర్భిణిని పెరియకుళంనుండి వచ్చిన ఒక మామిడితోట యజమాని, చందమామను చూడడానికి, కొనుక్కొని పోయాడు.