పడుకుని చూడమనే ఆయన

చిలకలూరిపేటలో పరుపులు కుట్టే ఆయన, పడుకుని చూడనిదే ఎవరికీ పరుపు అమ్మేవాడు కాదు. మిరపకోతలకు వంగి వంగి నడుం పట్టేసిన మా అమ్మను అక్కడికి తీసుకెళ్లాను. మా దగ్గరున్న డబ్బుకు పల్చటి ఫోం పరుపు అడిగాను.

“అది ఆర్నెల్లకే గుంట పడిద్దమ్మా. అదే డబ్బుకి దూది గట్టిగా కూరి కుడతా. ముందు మీ అమ్మని దీని మీద పడుకోనియ్యి,” అంటూ ఒక దూది పరుపు పరిచాడు.

“కొత్తది, మాసిపోద్దయ్యా,” అని అమ్మ మొహమాటపడింది.

ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. అమ్మ పడుకుంది.

“నడుం కింద చెయ్యి పెట్టి చూడమ్మా. సందుందా?” అని నన్నడిగాడు.

“లేదండీ.”

“మీకెట్టా ఉందమ్మా?” అని అమ్మను అడిగాడు. అప్పటికే అమ్మ నిద్రపోయింది.

నేను లేపబోతే వద్దన్నాడు. వెళ్లి, పక్కన మోత పెడుతున్న దూది ఏకే మిషను ఆపేశాడు. అమ్మ తనంతట తాను లేచేదాకా దాన్ని మళ్లీ వెయ్యలేదు.